మీ నాన్నకి గుండెపోటు ఎన్నో ఏట వచ్చింది?

నాకు నలభై నిండిన ఏడాది ఆఫీసు వాళ్లు బలవంతాన చెకప్‌కి పంపారు. అక్కడ డాక్టరమ్మ నా ఈసీజీ చూడకముందే ఒక మాట అడిగారు, ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బుందా అని. ఉందండీ, నాన్నకి స్టెంట్ వేశారు, బాబాయి పొలంలోనే పోయారు, తాతయ్య కూడా గుండె ఆగే పోయారట అని గడగడా చెప్పేశాను, ఏదో వంశ ప్రతాపం చెబుతున్నట్టు. ఆవిడ పెన్ను పట్టుకుని ఆగి, "ఏ వయసులో?" అన్నారు. నాన్నకి యాభై దాటాక ఎప్పుడో అన్నాను. బాబాయిది సరిగ్గా తెలీదు. తాతయ్యది అసలే తెలీదు. "వయసు లేకపోతే ఇది నాకు సగం సమాచారమే, కనుక్కుని రండి" అని ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలేశారు.

ఆ గడి నింపడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఫోన్లు, రెండు పెళ్లిళ్లు, ఒక పెద్దకర్మ, మా మేనత్తతో మూడు పూటల కబుర్లు. ఎలా కనుక్కోవాలో, కనుక్కున్నాక దాంతో ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, కాబట్టి ఏ మాత్ర ఎంత వేసుకోవాలని మాత్రం నన్నడగొద్దు.

ముందు ఈ వయసు గొడవ ఎందుకో చూద్దాం. డెబ్బై ఎనిమిదేళ్లకి తాతకి గుండెపోటు వస్తే అది చాలావరకు వయసు చేసిన పని, దాన్నిబట్టి మనవడి గురించి పెద్దగా ఏమీ చెప్పలేం. అదే నలభై ఆరుకి వస్తే వేరే కథ. డాక్టర్లు ఎక్కువగా వాడే గీత ఇది: తండ్రి, అన్నదమ్ములు, కొడుకుల్లో ఎవరికైనా 55 ఏళ్లలోపు, లేదా తల్లి, అక్కచెల్లెళ్లు, కూతుళ్లలో ఎవరికైనా 65 ఏళ్లలోపు గుండెపోటు, స్టెంట్, బైపాస్, గుండె జబ్బుతో హఠాత్తు మరణం, వీటిలో ఏదున్నా మీ ఇంట్లో 'త్వరగా వచ్చే గుండె జబ్బు' ఉన్నట్టు లెక్క. ఆడవాళ్లకి పదేళ్లు ఎక్కువ ఎందుకిచ్చారంటే నెలసరి ఆగేదాకా వాళ్లకి ఈ జబ్బు సాధారణంగా ఆలస్యంగా వస్తుంది. కాబట్టి అమ్మకి అరవై రెండుకి స్టెంట్ పడితే 'వయసైపోయిందిలే' అని కొట్టిపారేయకండి, అది గీతకి లోపలే ఉంది. చాలామంది ఇక్కడే పొరబడతారు.

వయసుకి ఎంత బలముందో స్వీడన్ కవలల మీద చేసిన పనిలో బాగా కనిపిస్తుంది. 1994లో వచ్చిన ఆ అధ్యయనంలో దాదాపు 21,000 మంది కవలల్ని చూశారు. ఒకే పోలికతో పుట్టిన మగ కవలల్లో ఒకరు 55 లోపు గుండె జబ్బుతో పోతే రెండోవారికి ఆ ముప్పు ఎనిమిది రెట్లు. వాళ్లు పోయిన వయసు పెరిగేకొద్దీ ఆ రెట్లు తగ్గుతూ వచ్చాయి. మనకి కవలలు లేరు కదా అంటారా, అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో 1948 నుంచి తరతరాలుగా అక్కడి జనాన్ని గమనిస్తూ వస్తున్నారు, అందులో తల్లిదండ్రుల్లో ఒకరికి త్వరగా వచ్చినా కొడుకులకి ముప్పు సుమారు రెట్టింపు, కూతుళ్లకి అంతకి కొంచెం తక్కువ అని తేలింది. మిగతా కారణాలన్నీ పక్కన పెట్టి లెక్కేసినా అంతే.

దానికి తోడు మనవాళ్లందరికీ కలిపి ఒక ఇబ్బంది ఉంది. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అనే పెద్ద అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకి మొదటి గుండెపోటు మిగతా దేశాల వాళ్లకంటే సుమారు ఐదారేళ్లు ముందే వస్తున్నట్టు కనబడింది. అమెరికా గుండె డాక్టర్ల 2018 మార్గదర్శకాల్లో దక్షిణాసియా మూలాలు ఉండటాన్నే ముప్పు పెంచే ఒక కారణంగా రాశారు. అంటే డల్లాస్‌లో ఉన్నా దర్శిలో ఉన్నా మనం ఒక మెట్టు ముందు నుంచే మొదలుపెడుతున్నాం, ఇంట్లో చరిత్ర కూడా ఉంటే ఇంకో మెట్టు. 2022 ఫిబ్రవరిలో మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి గారు యాభై ఏళ్లకే గుండెపోటుతో పోయినప్పుడు టీవీలన్నీ జిమ్ముల గురించే మాట్లాడాయి, ఎవరింట్లో వాళ్లు పెద్దల వయసులు రాసుకోండి అన్న మాట మాత్రం నాకు ఎక్కడా వినబడలేదు.

వయసులు తవ్వడం

మా తాతయ్య ఎప్పుడు పుట్టారో ఎవరికీ తెలీదు. ఆ తరంలో చాలామందికి పుట్టిన తేదీ లేదు, ఉన్నా బడిలో చేర్చేటప్పుడు మేష్టారు వేసిన జూలై ఒకటో, జూన్ ఒకటో. కాబట్టి "తాతయ్య ఎన్నేళ్లకి పోయారు?" అని అడిగితే "పెద్దాయనేరా, బాగా పెద్దాయన" అని సమాధానం వస్తుంది. పంచె కట్టి మీసం నెరిస్తే నలభై ఎనిమిదేళ్లాయన కూడా ఆ రోజుల్లో పెద్దాయనే. ఈ మాట నమ్మకండి.

అడగాల్సింది వయసు కాదు, ఊళ్లో అందరికీ గుర్తున్న సంఘటన. మాది దివిసీమ, మాకు 1977 నవంబరు ఉప్పెనని మించిన గుర్తు ఇంకోటి లేదు. "తాతయ్య పోయింది ఉప్పెనకి ముందా తరవాతా?" అని అడగ్గానే మేనత్త టక్కున "తరవాతే, మళ్లీ ఏడు సంక్రాంతి దాటాక" అంది. అంటే 1979 మొదట్లో. "తాతయ్యకి పెళ్లెప్పుడైంది?" గాంధీ గారు పోయిన ఏడే అని నాయనమ్మ చెబుతుండేదట, అంటే 1948. అప్పటికి ఎన్నేళ్లుంటాయి? "ఇరవై ఉంటాయేమోరా, మీ నాయనమ్మకి పద్నాలుగు." లెక్క వేస్తే తాతయ్య పోయింది యాభై, యాభై రెండు మధ్యలో! మా ఇంట్లో నలభై ఏళ్లుగా 'పెద్దవయసులో పోయిన' మనిషి నాన్న కంటే ముందే గుండె జబ్బుకి దొరికినవాడని ఆ రోజు తేలింది. మేనత్త కూడా కాసేపు మాట్లాడలేదు.

మీ ఊరి గుర్తులు మీకుంటాయి. తెలంగాణలో అయితే 1948 పోలీస్ యాక్షన్, 1969 ఉద్యమం, మిగతా అందరికీ ఎమర్జెన్సీ, రామారావు గారు మొదటిసారి గెలిచిన 1983, ఇందిరాగాంధీ పోయిన 1984. ఊళ్లో కరెంటు వచ్చిన ఏడు, పెద్ద కొడుకు పెళ్లి, మనవరాలి బారసాల, ఇవన్నీ పనికొస్తాయి. ఇంకో పద్ధతి, పోయినప్పుడు చిన్న కూతురు ఎన్నో తరగతి అని అడగడం. ఐదేళ్లు అటూ ఇటూ అయినా పరవాలేదు, '50 దరిదాపు' అని రాసినా డాక్టరుకి పనికొస్తుంది.

కాగితాలు కూడా చూడండి. బీరువాలో చీరల కింద, బియ్యం డబ్బా పక్కన రేకు పెట్టెలో, పట్టాదారు పాసు పుస్తకాల సంచీలో ఎక్కడో డిశ్చార్జ్ సమ్మరీ ఉంటుంది. మరణ ధ్రువపత్రం, ఇన్సూరెన్స్ డబ్బుల కోసం పెట్టిన క్లెయిమ్ జిరాక్సులు, వీటిలో వయసే కాదు, ఒక్కోసారి కారణం కూడా రాసుంటుంది. పాత ఈసీజీ దొరికితే వెంటనే ఫోన్లో ఫొటో తీసుకోండి, ఆ మైనం లాంటి కాగితం మీద గీతలు ఏళ్లు గడిచేకొద్దీ వెలిసిపోతాయి. నాన్న 2003 నాటి ఈసీజీ మాకు దొరికేసరికి అది తెల్ల కాగితం.

అసలు ఏమైంది?

మనవైపు 'గుండె ఆగి పోయాడు' అనేది కారణం కాదు, ఎవరు పోయినా గుండె ఆగే పోతారు. కాబట్టి ఆ రోజు ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పమనాలి. గుండెల మీద బండ పెట్టినట్టుందన్నారా, చెమట్లు కారాయా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకిందా, గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నారా? ఆ ముందు నెలల్లో మెట్లెక్కినా గట్టెక్కినా ఆగి ఆగి నడిచేవారా? నాలుక కింద మాత్ర పెట్టుకునేవారా? ఈ చివరి ప్రశ్న బంగారం లాంటిది, ఎందుకంటే చాలా ఇళ్లలో జబ్బు పేరు మర్చిపోతారుగానీ జేబులో ఉండే ఆ చిన్న మాత్రల సీసా అందరికీ గుర్తుంటుంది.

బాబాయి విషయంలో పిన్ని ఏళ్ల తరబడి 'ఎండదెబ్బ' అనే అంటూ వచ్చింది. నెమ్మదిగా అడిగితే పది రోజుల ముందు నుంచి పొద్దున్నే గుండెల్లో మంటగా ఉందనేవాడని, ఆర్ఎంపీ దగ్గర గ్యాస్ మాత్రలు వేసుకున్నాడని, ఆ రోజు మోటారు ఆన్ చేయడానికి వెళ్లి గట్టు మీద కూర్చుండిపోయాడని చెప్పింది. నెల జనవరి. జనవరిలో ఎండదెబ్బేంటి పిన్నీ అని నేను అనలేదు, మీరూ అనకండి. ఆవిడ ఇన్నేళ్లూ ఆ మాట పట్టుకుని బతికింది. మనకి కావాల్సింది సమాచారం, ఆవిడ మీద కేసు గెలవడం కాదు. బాబాయిది 49 ఏళ్లు. ఇంకొన్ని ఇళ్లలో 'గాలి సోకింది', 'ఎవరో చేయించారు' అని ఉంటుంది, ఆ మాటకి అడ్డం పడకుండా ఆ రోజు ఒంట్లో ఎలా ఉందన్నారో అడుగుతూ పోండి.

ఇంకా ఏమేం అడగాలంటే: పక్షవాతం ఎవరికైనా వచ్చిందా, షుగర్ ముదిరి కాలు తీసేశారా, బీపీ మందులు వాడేవారా, బీడీ, చుట్ట, సిగరెట్, ఖైనీ? శ్రీకాకుళం, విజయనగరం వైపు అమ్మమ్మల్ని అడిగేటప్పుడు అడ్డపొగ (నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట తాగడం) సంగతి మర్చిపోవద్దు, ఆడవాళ్లని పొగాకు గురించి అడగాలని మనకి తట్టదు. రక్తనాళాలు ఒక్క గుండెలోనే లేవు కాబట్టి పక్షవాతం, కాళ్లలో రక్తం ఆగడం కూడా ఆ కథలో భాగమే.

అమ్మ వైపు కూడా సరిగ్గా ఇంతే శ్రద్ధగా అడగండి. ఇంటిపేరు నాన్నది కాబట్టి జబ్బులు కూడా నాన్న వైపు నుంచే వస్తాయని మన బుర్రలో ఎక్కడో ఉండిపోయింది. జన్యువుల్లో సగం అమ్మవి. నేను మొదట అమ్మ వైపు లెక్కే వేయలేదు, తీరా చూస్తే మేనమామకి 54కి బైపాస్ అయింది. మామయ్యది దగ్గరి వరసలోకి రాదు, డాక్టర్లు ముందు చూసేది అమ్మానాన్నలు, తోబుట్టువులు, పిల్లల్నే, అయినా తాతలు, మామలు, బాబాయిలు, అత్తలు కలిసి ఒకే వైపు ఇద్దరు ముగ్గురు తేలితే ఆ మాటకి బరువుంటుంది. భార్య తరఫు, భర్త తరఫు చరిత్ర మీకు అంటదు, మీ పిల్లలకి అంటుంది, కాబట్టి పిల్లల కాగితంలో రెండు వైపులా ఉండాలి.

ఎప్పుడు అడగాలి అన్నది కూడా ముఖ్యమే. పోయినవాళ్ల ఇంట్లో మూడో రోజున అడగొద్దు. పెద్దకర్మ భోజనాలయ్యాక సాయంత్రం పూట చాపల మీద కూర్చుని పెద్దవాళ్లే పాత సంగతులు తీస్తారు, అప్పుడు పక్కన కూర్చుంటే చాలు. సంక్రాంతి కూడా మంచిదే. ఫోన్లో అడిగితే "ఎందుకురా, నీకేమన్నా అయిందా?" అని కంగారు పడి ఊరంతా చెబుతారు.

కాగితం

ఒక్క పేజీ చాలు, వంశవృక్షం బొమ్మలు అక్కర్లేదు. నాది ఇలా ఉంటుంది: నాన్న, పుట్టింది 1950, 53కి గుండెపోటు, ఒక స్టెంట్, సిగరెట్ తాగేవారు, ఇప్పుడు లేదు, షుగర్ ఉంది. బాబాయి, 49కి హఠాత్తుగా, పది రోజుల ముందు నుంచి గుండెల్లో మంట, పొగాకు లేదు. తాతయ్య, 50 దరిదాపు, ఛాతీ నొప్పితో అదే రాత్రి, చుట్ట. మేనమామ, 54, బైపాస్. అమ్మ, 71, బీపీ మాత్రమే. తమ్ముడు, 38, ఏ పరీక్షా చేయించుకోలేదు. అంతే. ఇది రెండో విజిట్‌లో డాక్టరమ్మ ముందు పెడితే అరనిమిషంలో చదివేసి, బాబాయి దగ్గర గీత గీశారు. పొగ తాగని మనిషికి 49కి వచ్చిందంటే అక్కడ ఆలోచించాలి అన్నారు.

అలాగని 'మా నాన్న సిగరెట్లు తాగేవాడు కాబట్టి వచ్చింది, నేను తాగను కాబట్టి నాకు రాదు' అనే లెక్క కూడా కుదరదు. అన్నేళ్లు అన్ని పెట్టెలు తాగినవాళ్లందరికీ యాభైకి రాలేదు కదా. కారణం తెలిసినా చరిత్ర చరిత్రే, కాగితంలో రెండూ రాయండి.

పరీక్షలు: ఏవి కావాలి, ఏవి అక్కర్లేదు

ఇక్కడ జనం నిలువునా మునుగుతారు. 'ఫుల్ బాడీ' ప్యాకేజీ అని వంద పరీక్షలు చేసి, ఈ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైన ఒక్కటి వదిలేస్తారు. ముందు మామూలివి చెప్తా. బీపీ, షుగర్ ముప్పై దాటినవాళ్లకి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానే చూస్తారు. నడుము కొలత, టైలరు టేపుతో బొడ్డు దగ్గర, మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే మనవాళ్లకి ఎక్కువే, బక్కగా ఉండి పొట్ట ఉన్నవాళ్లు బరువు చూసి మోసపోతారు. ఆ తరవాత లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష. మామూలుగా దీనికి పరగడుపున రావాలని లేదు, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) బాగా ఎక్కువ వచ్చినప్పుడు మాత్రం మళ్లీ పరగడుపున చేయమంటారు.

లిపిడ్ రిపోర్టులో 'టోటల్ కొలెస్ట్రాల్ నార్మల్' చూసి మడిచి పెట్టేయకండి. చూడాల్సింది ఎల్‌డీఎల్, అదే చెడు కొలెస్ట్రాల్ అంటారే అది. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్, అంటే మంచి కొలెస్ట్రాల్, తీసేస్తే మిగిలేది కూడా చూడండి, దాన్ని నాన్ హెచ్‌డీఎల్ అంటారు. నాకు టోటల్ 196, హెచ్‌డీఎల్ 34. మిగిలింది 162. టోటల్ 200 లోపే ఉందని ల్యాబ్ వాళ్లు ఎర్ర గుర్తు పెట్టలేదు, డాక్టరమ్మ పెట్టారు. మనవాళ్లలో హెచ్‌డీఎల్ తక్కువ, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ ఉండటం చాలా మామూలు, అందుకే ఈ తీసివేత. కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మామూలు ముప్పున్నవాళ్లకి ఎల్‌డీఎల్ 100 లోపు, ఎక్కువ ముప్పున్నవాళ్లకి 70 లోపు ఉండాలి, ఇప్పటికే గుండెపోటు వచ్చినవాళ్లలాంటి వాళ్లకి ఇంకా తక్కువ. మొదటి లిపిడ్ పరీక్ష 18 ఏళ్లకి, ఇంట్లో త్వరగా వచ్చిన చరిత్ర ఉంటే అంతకంటే ముందే చేయమన్నారు. ల్యాబ్ కాగితం మీద 'నార్మల్ రేంజ్' అని అచ్చేసింది అందరికీ ఒకటే, మీ ఇంటి చరిత్ర దానికి తెలీదు.

ఇక ఆ వదిలేసే పరీక్ష: లైపోప్రొటీన్ ఎ. రిపోర్టులో ఎల్‌పీ అని రాసి పక్కన బ్రాకెట్లో చిన్న ఎ ఉంటుంది. ల్యాబ్‌లో విడిగా అడగాలి, లిపిడ్ ప్రొఫైల్‌లో అది ఉండదు, ఖరీదు కూడా కాస్త ఎక్కువ. నార్వే శాస్త్రవేత్త కోరె బెర్గ్ 1963లో దీన్ని కనిపెట్టాడు. ఎల్‌డీఎల్‌కి అదనంగా ఒక తోక తగిలించిన కణం అనుకోండి. ఇది ఎంత ఉండాలన్నది దాదాపుగా పుట్టుకతోనే నిర్ణయమైపోతుంది, నూనె మానేసినా పరుగెత్తినా పెద్దగా మారదు, అందుకే పెద్దయ్యాక ఒక్కసారి చేయించుకుంటే చాలామందికి జన్మకి సరిపోతుంది. 50 మిల్లీగ్రాములు, ఇంకో కొలతలో అయితే 125 నానోమోల్స్, దాటితే ఎక్కువ అంటారు. ప్రపంచంలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఎక్కువే ఉంటుంది. పొగ తాగడు, షుగర్ లేదు, బక్కగా ఉన్నాడు, అయినా 45కి ఎలా వచ్చింది అనే ప్రశ్నకి కొన్ని ఇళ్లలో జవాబు ఇదే. నాది 88 మిల్లీగ్రాములు. చూసి రెండ్రోజులు నిద్ర పట్టలేదు, టెన్షన్‌తో బీపీ కూడా పెరిగింది. మామూలు కొలెస్ట్రాల్ మాత్రలు దీన్ని తగ్గించవు. చేయగలిగింది ఏంటంటే, దీన్ని మార్చలేం కాబట్టి మార్చగలిగినవన్నీ, ముఖ్యంగా ఎల్‌డీఎల్, బీపీ, మిగతావాళ్లకంటే గట్టిగా కిందకి తేవడం.

ఎల్‌డీఎల్ 190 దాటితే మాత్రం అది తిండి వల్ల వచ్చింది అని సర్దిచెప్పుకోకండి. థైరాయిడ్ తక్కువున్నా పెరుగుతుంది కాబట్టి అది ముందు చూస్తారు. అది కాకపోతే పుట్టుకతో వచ్చే ఒక జబ్బు అనుమానిస్తారు, ఫెమిలియల్ హైపర్ కొలెస్టరోలీమియా అని నోరు తిరగని పేరు, సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. లివర్ రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని లాక్కునే కొక్కేల్లో లోపం, ఆ కొక్కేల్ని కనిపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరికి 1985లో నోబెల్ వచ్చింది. మడమ వెనక పిక్క కండరాన్ని ఎముకకి కట్టే పట్టీ లావెక్కడం, చేతి కణుపుల మీద గట్టి కాయలు, 45 లోపే కంటి నల్లగుడ్డు చుట్టూ తెల్ల వలయం కనిపిస్తే చెప్పండి, అయితే చాలామందికి పైకి ఏమీ కనబడదు. తల్లిదండ్రుల్లో ఒకరికుంటే ప్రతి బిడ్డకీ వచ్చే అవకాశం సగానికి సగం.

మేనరికాల గురించి ఇక్కడే చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. ఈ జబ్బున్న ఇంట్లో మేనమామనో మేనబావనో చేసుకుంటే ఇద్దరిలోనూ అదే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది, అప్పుడు బిడ్డకి రెండు వైపుల నుంచీ వస్తే ఎల్‌డీఎల్ 400 దాటి, పదిహేనేళ్లకే గుండెపోటు వచ్చే ప్రమాదం ఉంటుంది. అరుదే, కానీ ఇంట్లో ఒకరికి 190 దాటిందని తెలిశాక వరస కలిపే ముందు ఇద్దరికీ ఒక లిపిడ్ పరీక్ష చేయిస్తే పోయేది కొన్ని వందలు. జాతకాలకి అంతకంటే ఎక్కువే ఇస్తున్నాం.

మిగతావి త్వరగా చెప్పేస్తా. ఈసీజీ మామూలుగా ఉంటే రక్తనాళాలు బాగున్నాయని అర్థం కాదు, ఆ క్షణంలో గుండె ఎలా కొట్టుకుంటోందో చెబుతుంది అంతే. ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించే టీఎంటీ కూడా రక్తం పారడానికి అడ్డం పడేంత పెద్ద బ్లాకుల్నే పట్టుకుంటుంది. నలభై దాటి, కొలెస్ట్రాల్ మాత్ర మొదలుపెట్టాలా వద్దా అని డాక్టరు ఊగిసలాడుతుంటే కాల్షియం స్కోర్ అనే సీటీ స్కాన్ ఉపయోగపడొచ్చు, సూది మందు లేకుండానే తీస్తారు. సున్నా వస్తే కొన్నేళ్లు ఊపిరి పీల్చుకోవచ్చు, అయితే వయసు తక్కువున్నవాళ్లలో ఇంకా సున్నం పట్టని మెత్తటి కొవ్వు దీనికి కనబడదు. ఏ లక్షణమూ లేకుండా నేరుగా యాంజియోగ్రామ్ చేసేద్దాం అంటే మాత్రం రెండో డాక్టర్ని అడగండి.

డాక్టరు దగ్గర

కాగితం ముందు పెట్టి మూడు సంగతులు అడగండి. నా ఎల్‌డీఎల్ ఎంతకి రావాలి? ఎన్నాళ్లలో? రాకపోతే ఏం చేద్దాం? ఇలా అడిగితే 'నూనె తగ్గించండి, వాకింగ్ చేయండి' దగ్గర మాట ఆగిపోదు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు మొదలెట్టమంటే భయపడి మానేసేవాళ్లు చాలామంది, 'ఒకసారి మొదలుపెడితే జన్మంతా వేసుకోవాలట' అని. నా వయసులో మా నాన్నకి ఇవి ఎవరూ ముందే ఇవ్వలేదు, స్టెంట్ పడ్డాక ఇచ్చారు, ఇప్పుడు ఆయనకి డెబ్బై అయిదు. కండరాల నొప్పులో ఇంకేదో వస్తే మీ అంతట మీరు ఆపకుండా వెళ్లి చెప్పండి, మార్చడానికి వేరేవి ఉన్నాయి. గర్భం కోసం చూస్తున్న ఆడవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. ఇంట్లో నాన్న వేసుకునే ఆస్పిరిన్ పట్టీలోంచి ఒకటి తుంచి ముందు జాగ్రత్తగా వేసుకోవడం మాత్రం వద్దు, ఏ జబ్బూ లేనివాళ్లకి దానివల్ల కడుపులో రక్తస్రావం లాంటివి వచ్చే ప్రమాదం ఉంది.

జన్యువుల్లోనే ఉంటే ఇంక మనమేం చేస్తాం అని చేతులెత్తేసేవాళ్లకి ఒక సంగతి. 2016లో యాభై వేల పైచిలుకు మందిని పరిశీలించి చూస్తే, జన్యుపరంగా అందరికంటే ఎక్కువ ముప్పున్న గుంపులో కూడా పొగ తాగకుండా, ఊబకాయం లేకుండా, కదులుతూ, మంచి తిండి తింటూ, ఈ నాలుగింటిలో కనీసం మూడు పాటించినవాళ్లకి, ఒక్కటే పాటించిన, లేదా ఏదీ పాటించని వాళ్లతో పోలిస్తే ముప్పు దాదాపు సగం తగ్గింది. తిండి విషయంలో నేను పెద్దగా చేసిందేమీ లేదు, రాత్రి అన్నం సగం చేశాను, పప్పు, కూర రెట్టింపు చేశాను, ఆఫీసు దగ్గర సాయంత్రం పునుగులు మానేశాను. ఆవకాయ మానలేదు, తగ్గించాను. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు సంగతి ఇంకా గట్టిగా చూసుకోవాలి.

ఒక పక్కదారి చెప్పి తీరాలి. ఇంట్లో ముప్పైలోపు ఎవరైనా ఆడుతూనో పరుగెడుతూనో కుప్పకూలి పోయుంటే, అది రక్తనాళాల జబ్బే అయ్యుండాలని లేదు, గుండె కండరం మందంగా అయ్యే జబ్బో, గుండె కరెంటు తప్పే జబ్బో కావచ్చు. వీటికి కొలెస్ట్రాల్‌తో సంబంధం లేదు, ముందుగా చేసేది ఎకో (గుండెకి చేసే అల్ట్రాసౌండ్ స్కాన్), ఈసీజీ. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న పరిశోధనలో 2009లో తేలింది ఏంటంటే, గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 అక్షరాలు ఊడిపోయిన రకం మన దేశంలో సుమారు నూటికి నలుగురిలో ఉంది, అది ఉన్నవాళ్లకి నడివయసు తరవాత గుండె బలహీనపడే ప్రమాదం ఎక్కువ. అందుకే 'గుండె జబ్బు' అని ఒకే గడిలో రాయకుండా ఏమైందో రాయమన్నది.

ఎప్పుడైనా ఛాతీ బిగుతు, చెమట, దవడ లాగడం, ఊపిరి అందకపోవడం పది పదిహేను నిమిషాలున్నా, గ్యాస్ అని మీరు నిర్ణయించేయకండి, 108కి చేయండి, బండి మీద వెనక కూర్చుని వెళ్లొద్దు. ఆడవాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి నొప్పి లేకుండా నీరసం, వాంతి, ఆయాసంతోనే రావచ్చు. అక్కడికి వెళ్లగానే ఇంట్లో ఎవరికి ఏ వయసులో వచ్చిందో చెప్పండి.

ఆ కాగితం ఒక్కటే కాపీ ఉంచుకోకండి. నేను ఫొటో తీసి మా కజిన్ల గ్రూపులో పెట్టాను, బాబాయి కొడుకు రెండ్రోజులు ఏమీ అనలేదు, మూడో రోజు రాత్రి ఫోన్ చేసి "అన్నయ్యా, ఆ ల్యాబ్‌లో ఏమని అడగాలి?" అన్నాడు. వాడికి 34. వాడి లైపోప్రొటీన్ ఎ మామూలుగానే ఉంది, ఎల్‌డీఎల్ 171. పిల్లల విషయంలో మా పాప పదేళ్లకి ఒక లిపిడ్ పరీక్ష అయింది, బాగానే ఉంది, లైపోప్రొటీన్ ఎ పెద్దయ్యాక చూద్దాం అన్నారు. మా తమ్ముడు మాత్రం 'వచ్చే నెల' అంటూ మూడేళ్లు గడిపి, పోయిన వారం ఎట్టకేలకు రక్తం ఇచ్చాడు. రిపోర్టు ఇంకా రాలేదు. కాగితంలో వాడి పేరు పక్కన పెన్సిల్‌తో ఖాళీ ఉంచాను.